మెడ కింద తాతారావు

రాజోలు నుంచి సఖినేటిపల్లి రేవు దాకా, గల్ఫ్ వెళ్ళిన మగవాడున్న ఏ ఇంట్లో గోడ మీద పటం చూసినా, మెడ పైన ఆ ఇంటాయన ఉంటాడు, మెడ కింద తాతారావు ఉంటాడు.

తాతారావు రాజోల్లో ఫొటో స్టూడియో పెట్టుకున్న మనిషి. జన్మలో విమానం ఎక్కలేదు. కానీ ఆయన బొజ్జ కువైట్‌లో ఉన్నవాళ్ళకీ, దోహాలో ఉన్నవాళ్ళకీ, మస్కట్‌లో ఉన్నవాళ్ళకీ సమానంగా దొరికింది. ఊళ్ళో లేని మగవాళ్ళందరి తరఫునా ఓణీల ఫంక్షన్లకీ, బారసాలలకీ, గృహప్రవేశాలకీ హాజరైన ఒళ్ళు అది. మా ఇంట్లో పటానికీ అదే ఒళ్ళు. ఆ పటం దింపేసి, మెడ కింద కూడా మా ఆయనే ఉండే పటం ఒకటి సంవత్సరీకం లోపల చేయించుకోవాలని నేను తాతారావు చుట్టూ తిరిగాను. దొరికిందా లేదా అన్నది చెప్పాలంటే ముందు ఆ మనిషి సంగతి చెప్పాలి.

ఆయన పుట్టింది ముమ్మిడివరం దగ్గర. తండ్రి పడవల మీద పేర్లు రాసేవాడు. కొడుకు పేర్ల దగ్గర ఆగకుండా బొమ్మల్లోకి దిగాడు. ఎవరో పడవాయన ముక్కు దగ్గర లక్ష్మీదేవిని వెయ్యమంటే, అచ్చం ఆ పడవాయన మరదలిలా వేసిపెట్టాడట. ఎరిగి వేశాడో ఎరక్క వేశాడో గాని, ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు, పడవ రేవు దాటలేదు. తండ్రి ఆయన్ని బస్సెక్కించి రాజోలు పంపేశాడు.

రాజోల్లో ఆయన సినిమా హాలు గోడలు రాశాడు, ఎలక్షన్లకు నాయకుల మొహాలు వేశాడు. ఓడిపోయినాయన మొహం మీద సున్నం కొట్టడానికీ ఆయన్నే పిలిచేవారు. "వేసేటప్పుడు కంటే కొట్టేటప్పుడే బాగా చూసేవాడినండి మొహాన్ని" అంటాడు. తర్వాత పోయినవాళ్ళ పటాలు వేయడం మొదలుపెట్టాడు. గుమ్మడికాయ గింజంత ఫొటో తెచ్చిస్తే గుమ్మమంత పటం చేసేవాడు. కంట్లో తెల్లచుక్క పెట్టేదాకా ఇంటివాళ్ళు "ఎవరో పైమనిషిలా ఉన్నాడండి" అనేవారట. చుక్క పెట్టగానే గొల్లుమనేవారట. ఆ ఏడుపు వినపడ్డాక గాని ఆయన బ్రష్షు కడిగేవాడు కాదు.

అప్పుడు ఫ్లెక్సీలు వచ్చాయి. బ్రష్షులు డబ్బాలో ఎండిపోయాయి. వాటిలో పెద్దదాన్ని ఆయన భార్య హేమ తీసుకుని దోసెల పెనానికి నూనె రాయడానికి వాడుకుంది. "ఇన్నాళ్ళకి దీనివల్ల నాలుగు మెతుకులు లోపలికెళ్ళేయి" అందట ఆవిడ.

తాతారావు బ్రష్షు వదిలి కంప్యూటరు ముందు కూర్చున్నాడు. లేనివాళ్ళను ఉన్నవాళ్ళ పక్కన అతికించడం నేర్చుకున్నాడు. దాన్ని మా వైపు మిక్సింగ్ అంటారు. పిల్ల ఓణీల ఫంక్షనుకు తండ్రికి సెలవు దొరకదు. ఆల్బంలో తండ్రి లేకపోతే బంధువులు ఊరుకోరు. తండ్రి ఫోన్లో మొహం పంపిస్తాడు. అందరూ మొహాలే పంపిస్తారు. పనివాళ్ళ క్యాంపులో ఉక్కకి మెడ కింద లుంగీ అయినా ఉందో లేదో ఆ దేవుడికే తెలియాలి. మరి ఒళ్ళెక్కడిది? తాతారావు తన పెళ్ళినాటి పట్టుపంచె కట్టుకుని, కెమెరా ముందు నిలబడి, హేమ చేత బటను నొక్కించుకున్నాడు. అక్షింతలు వేసే ఫోజు ఒకటి. పిల్లని ఎత్తుకున్న ఫోజు ఒకటి. భార్య భుజం మీద చెయ్యి వేసిన ఫోజు ఒకటి. గల్ఫ్ హోదా కావాలన్నవాళ్ళకు కోటు వేసుకున్న ఫోజు ఒకటి. కోటు గుండీలు పట్టక, వెనక చీల్చి పిన్నీసులు పెట్టి దిగాడు.

కువైట్‌లో ఇళ్ళల్లో పనికి వెళ్ళిన ఆడవాళ్ళకు హేమ ఒళ్ళు ఇచ్చింది. ఒక పెళ్ళిలో తన పట్టుచీర గోడ మీద పటంలోనూ, గుమ్మం దగ్గర ఫ్లెక్సీలోనూ కనపడేసరికి ఆవిడ ఇంటికొచ్చి ఆ చీర మొగుడి మీదకి విసిరేసింది. "ఊళ్ళో అందరూ కట్టేసేరు కదండీ, ఇంక నాకెందుకు? మీరే కట్టుకుని దిగండి" అంది. తాతారావు దిగే రకమే. మీసం అడ్డొచ్చి ఊరుకున్నాడు.

ఈ వ్యాపారంలో చిక్కల్లా బొజ్జ. ఆల్బం చూసిన ప్రతి ఇంటివాళ్ళూ మా వాడు అక్కడ బాగా తింటున్నాడని నమ్మారు. మలికిపురం పోలిరాజు గారి ఇంట్లో మరీ నమ్మారు. ఆయన కువైట్‌లో ఒంటెల దగ్గర చేసి చేసి, పుల్లలా అయి ఇంటికొచ్చాడు. ఆయన అత్తగారు చూసి గుమ్మంలోనే శోకాలు మొదలెట్టింది. మనిషికి ఏదో పెద్దరోగం వచ్చిందని ఆస్పత్రికి తీసుకెళ్ళి సూదులన్నీ పొడిపించారు. ఏమీ లేదు. "మరి ఫొటోలో అంతుండేవారు కదండీ" అని పెళ్ళాం ఆల్బం తీసి చూపించింది. ఆయన చూశాడు. ముందు బొజ్జ చూశాడు, తర్వాత పెళ్ళాం భుజం మీదున్న చెయ్యి చూశాడు. ఆ చేతికి పగడపు ఉంగరం ఉంది.

పెళ్ళాన్ని వెంటబెట్టుకుని, ఆల్బం చంకలో పెట్టుకుని, ఆటో కట్టించుకుని స్టూడియోకి వచ్చాడు.

"ఈ చెయ్యి ఎవరిదండీ?"

తాతారావు టీ తాగుతున్నాడు. గ్లాసు పట్టుకున్న వేలికే ఉంది పగడం.

"నాదేనండి."

"నా పెళ్ళాం భుజం మీద మీ చెయ్యేంటండి?"

"మీ చెయ్యి మీరు పంపలేదు కదండీ. తలకాయొకటి పంపి ఊరుకున్నారు. తలకాయ భుజం మీద పెడితే బాగోదని చెయ్యి నేనేసేను. ఆవిడ్ని నేను చూడనైనా చూళ్ళేదు బాబూ, గోడకి చెయ్యి ఆనించి దిగేను. కావాలంటే గోడ చూసుకోండి, అదుగో."

పోలిరాజు గారు నిజంగానే గోడ వైపు చూశాడట. చూసి, తన ఒళ్ళే పెట్టి మళ్ళీ చెయ్యమన్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని దిగాడు కూడా. అంతా అయ్యాక పెళ్ళాం రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసి, "పాతదే ఉంచండి తాతారావు గారూ, అందులో మా ఆయన బాగున్నారు" అంది. పోలిరాజు గారు సెలవు ఉండగానే తిరిగి కువైట్ వెళ్ళిపోయాడని చెప్పుకుంటారు. అది మాత్రం నేను నమ్మను.

ఇక మా ఆయన. పేరు నాగేంద్ర. మస్కట్ వెళ్ళకముందు సఖినేటిపల్లి రేవులో పంటు మీద పనిచేసేవారు. బళ్ళనీ మనుషులనీ నరసాపురం ఒడ్డుకి దాటించే పంటు. మస్కట్‌లో నీళ్ళ ట్యాంకరు తోలేవారు. మా అమ్మాయి యామిని ఓణీల ఫంక్షనుకు రాలేకపోయారు. ఆల్బం ఫొటోలు పంపిస్తే వీడియో కాల్ చేశారు.

"తల బానే ఉంది. ఈ కిందాయనెవరే?"

"రాజోలు తాతారావు గారంటండి."

"ఆయనకి భోజనం పెట్టేరా మరి? నా తరఫున వచ్చేడు కదా పాపం."

అందరం నవ్వాం. మా అత్తగారు నూకాలమ్మ గారు మాత్రం నవ్వలేదు. కొడుక్కి బొజ్జ వచ్చినందుకు దిష్టి తీసింది.

మరుసటి వేసవిలో ట్యాంకరు స్టీరింగు మీదే ఆయన గుండె ఆగిపోయింది. పెట్టె రావడానికి రోజులు పట్టింది. రేకు కోసి, మొహం వరకు తెరిచి, చూసుకోండి చూసుకోండి అని తొందరపెట్టి మూసేశారు. అప్పుడు కూడా మొహమే. కింద ఉన్నదంతా గుడ్డ.

పెద్దకార్యానికి బావగార్లు ఫ్లెక్సీ వేయించారు. తొందరలో ఓణీల ఫంక్షను ఫొటోనే ఇచ్చేశారు. మా వీధి మొగలో పెద్ద ఫ్లెక్సీ, నాలుగు వైపులా పూలు, పైన దేవదూతల్లాంటి పావురాలు, మధ్యలో మా ఆయన తలా, తాతారావు బొజ్జా. భోజనాలకు తాతారావూ వచ్చాడు. తన బొజ్జకు తనే రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి, విస్తరి ముందు కూర్చున్నాడు. హేమ గారు మాత్రం ఊరుకోలేదు. మొగుడి ఒంటికి బతికుండగా దండ పడిందని, ఇంటికి తీసుకెళ్ళి తలంటు పోసి, గుడికి తీసుకెళ్ళి అర్చన చేయించిందట. "పోయింది తల వరకేనే" అని ఆయన ఎంత చెప్పినా వినలేదట.

ఆ ఫ్లెక్సీ బొమ్మనే పటం కట్టించి మా అత్తగారు హాల్లో పెట్టుకుంది. ఉదయం దీపం పెట్టేటప్పుడల్లా నా కళ్ళు ఆ పగడపు ఉంగరం మీదకే పోయేవి. పరాయి మగవాడి పాదాల దగ్గర పువ్వు పెడుతున్నట్టుండేది. అందుకని సంవత్సరీకం ఇంకా కొన్నాళ్ళుందనగా రాజోలు బస్సెక్కాను.

"ఆయన ఒళ్ళు ఆయనకి పెట్టి ఇవ్వాలండి" అన్నాను.

"ఆయ్, దాందేముందండి. నిలువు ఫొటో ఏదైనా తెండి, క్షణంలో చేసేస్తాను."

"లేదండి."

"పెళ్ళి ఆల్బం?"

"వరదకి నాని అట్టలా అయిపోయిందండి."

"సెలవుకొచ్చినప్పుడు ఫోన్లో తీసుకోలేదా?"

"తీసేది ఆయనేనండి. మేం ఉంటాం అందులో. ఒక్కోదాంట్లో ఆయన చెవి ఉంటుంది."

తాతారావు బుర్ర గోక్కున్నాడు. తర్వాత లోపలికెళ్ళి డబ్బా తెచ్చి, ఎండిపోయిన బ్రష్షులు బల్ల మీద బోర్లించాడు. "చెయ్యి పోయిందండి నాకు. బ్రష్షు పట్టి ఏళ్ళయింది. పైగా నేనాయన్ని ఎప్పుడూ చూళ్ళేదు. అయినా వేస్తాను. మెడ కింద ఎలా ఉండేవారో మీరు చెప్పాలి. నా బొజ్జ తప్ప ఇంకేదైనా నాకు కొత్తే."

"ఉన్నట్టే ఉండేవారండి" అన్నాను. ఆయన నన్ను అదోలా చూసి, తనే కనుక్కుంటానని రేవుకు బయలుదేరాడు. పంటు మీద మా ఆయనతో పనిచేసినవాళ్ళను అడిగాడు. ఒకాయన "బంగారం లాంటి మనిషండి" అన్నాడు. ఇంకొకాయన "ఎవర్నీ ఒక్క మాట అనేవాడు కాదండి" అన్నాడు. మా ఇంటికొచ్చి మా అత్తగారిని అడిగాడు. ఆవిడ "మా నాయన బొద్దుగా, వెన్నముద్దలా ఉండేవాడు" అని చేతులతో చూపించింది. ఆ చేతుల మధ్య పట్టేది చంటిపిల్లాడు. మస్కట్‌లో ఆయనతో ఒకే గదిలో ఉన్న కృపారావు గారికి ఫోన్ చేయిస్తే, ఆయన "మా అన్న మనసు వెన్నండి" అని ఏడ్చి ఫోన్ పెట్టేశాడు.

తాతారావు నా దగ్గరకు వచ్చి కూలబడ్డాడు. "అందరూ గుణాలు చెప్తున్నారండి. భుజాలెలా ఉంటాయో ఒక్కరూ చెప్పరు. బంగారాన్ని ఎలా గియ్యనండి నేను? కంసాలినా?"

మళ్ళీ స్టూడియోకి వెళ్ళాను. కాగితం మీద ఒళ్ళు ఒకటి గీసి చూపించాడు.

"ఇలాగాండి?"

"కాదండి."

ఇంకొకటి గీశాడు.

"కాదండి."

"తస్సాదియ్యా, ఎలా ఉండేదో చెప్పరు, కాదని మాత్రం ఠకీమని చెప్తారు. మా ఆవిడ నయమండి, ఎలా ఉండాలో అరిచి మరీ చెప్తుంది. పోనీ ఒకటి చెప్పండి. అన్నం పెట్టేరు ఆయనకి. ఎక్కడ కూర్చున్నారు?"

"పెరటి మెట్టు మీదండి."

"కుర్చీ లేదా మీ ఇంట్లో?"

"ఉందండి. కూర్చోరు. కంచం ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీదే."

"ఆయ్."

"పాదం మీద పాదం వేసుకునేవారండి. కింద చీమలుంటాయని ఒక్క పాదమే నేల మీద ఆనించేవారు. ఎడమది కింద, కుడిది దాని మీద. ఆ పై పాదం వేళ్ళు ఆడుతూ ఉండేవి, కూర బాగుంటే."

"ఆయ్, చెప్పండి."

ఆయన నన్ను చూడటం మానేశాడు. కాగితం మీద పెన్సిలు పరిగెడుతోంది. నేను చెబుతూ పోయాను. అన్నం కలిపేటప్పుడు కుడిభుజం పైకి లేచేది. వీపు కంచం మీదకి వంగిపోయేది, ఎవరో లాక్కుంటారన్నట్టు. మెడ వెనక ఎముక బయటికి కనపడేది. మోచేయి మోకాలికి ఆనేది. ముల్లు తీసి పక్కన పెట్టేవారు కాదు, గోడ మీద పిల్లి కోసం గురి చూసి విసిరేవారు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను అన్ని మాటలు వరసగా మాట్లాడి ఎరగను. పక్కన హేమ గారు టీ గ్లాసు పట్టుకుని నిలబడిపోయింది, టీ ఇవ్వడం మర్చిపోయి.

"కట్టుకున్నది పంచేనా?" అన్నాడు చివరికి.

"లుంగీ అండి. గళ్ళ లుంగీ."

"మస్కట్‌లో చేసొచ్చినాయన్ని గళ్ళ లుంగీలో వేస్తే మీ అత్తగారు నన్ను గోదాట్లో తోసేస్తారండి."

"ఆయనకి ఈతొచ్చు, మీకొచ్చా?" అంది హేమ గారు మొగుడితో. పోయినాయన ఈత సంగతి ఇప్పుడెందుకో, ఆవిడకే తెలియాలి. కానీ నాకు ఆ పూట మొదటిసారి నవ్వొచ్చింది.

పటం మా ఇంటికి ఆటోలో వచ్చింది. తాతారావే పట్టుకొచ్చి హాల్లో గోడకి ఆనించాడు. మా అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని చూసింది.

"తింటన్నాడేంటే వీడు?"

ఇంకాస్త దగ్గరికి వంగింది.

"సంవత్సరీకం నాడు దండం పెట్టుకుందామంటే మొహమైనా ఎత్తాడా? కంచంలోకి చూత్తన్నాడు. పిండాలు పెట్టినా కడుపు నిండలేదా? పైగా ఈ లుంగీ ఒకటి. గల్ఫోడంటే నమ్ముతారా ఎవరన్నా? అన్నాలు లేక పోయాడనుకుంటారు."

"మొహాలు మీ దగ్గర బోలెడున్నాయి కదండీ" అన్నాడు తాతారావు మెల్లగా. "అందుకని కొంచెం వంచేను."

"వంచినోడివి ఎత్తలేవా? ఎత్తు. లుంగీ మీద తెల్లపంచె ఎయ్యి. కంచం తీసెయ్యి, చేతులు జోడించు."

తాతారావు నా వైపు తిరిగాడు. "చేసేస్తానండి, పూట పని. ఏమంటారు?"

నేను పటాన్ని చూశాను. భుజం సరిగ్గా రాలేదు, కొంచెం ఎత్తు ఎక్కువైంది. చెవి ఎవరిదో. కానీ మెడ వెనక ఎముక ఉంది. వీపు వంగిన చోట బనీను ముడత పడి ఉంది. పాదం మీద పాదం ఉంది.

"వద్దండి. అలాగే ఉంచండి" అన్నాను.

మా అత్తగారు నన్ను చూసింది. ఈ ఇంట్లో నా నోటినుంచి వద్దన్న మాట ఆవిడ వినడం అదే మొదలు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. "పిల్లిని కూడా ఎయ్యాల్సింది, అదొకటే తక్కువ" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సంవత్సరీకానికి వచ్చినవాళ్ళంతా పటం ముందు నిలబడి ఏమనాలో తెలియక అవస్థపడ్డారు. దండం పెడదామంటే తింటున్న మనిషికి అడ్డుపడినట్టుంది. ఒక పెద్దాయన "కానివ్వండి, కానివ్వండి" అనేసి పక్కకు తప్పుకున్నాడు. మా ఆడపడుచు, మావాడిది గల్ఫ్ అని గొప్పగా చెప్పుకున్న మనిషి, లుంగీ కనపడకుండా దండ కిందికి జార్చింది. నేను వెళ్ళి మళ్ళీ పైకి సర్దాను. నిజం చెప్పాలంటే నాకూ లోపల బెరుగ్గానే ఉంది. నేను చెప్పినదంతా నిజంగా ఆయనదేనా, సెలవుల్లో కొద్దిపాటి రోజులు చూసి నేను కల్పించుకున్నదా? మస్కట్‌లో గడిపిన ఏళ్ళ ముందు నా పెరటి మెట్టు ఎంత?

భోజనాలు నడుస్తుండగా కృపారావు గారు వచ్చాడు. మస్కట్ నుంచి దిగి నేరుగా వచ్చేశాడు, సంచి ఇంకా భుజానే ఉంది. గుమ్మంలోనే ఆగిపోయాడు. పటం వంక చూస్తూ సంచి కింద పెట్టడం మర్చిపోయాడు.

"ఏంటి వదినా, మా రూము ముందు కూర్చున్నట్టు వేయించేరు?" అన్నాడు. "ఎవరు పంపేరు మీకు ఈ ఫొటో? మేం ఎవరం తియ్యలేదే!"

"రూము ముందేంటండి?" అన్నాను.

"రూము ముందు సిమెంటు మెట్టుందండి. అందరం లోపల బల్ల మీద తినేవాళ్ళం. అన్న మాత్రం కంచం పట్టుకుని బయటికొచ్చి ఆ మెట్టు మీదే. ఎండలో కాలిపోతా ఉంటే కూడా అక్కడే. ఇదుగో ఈ కాళ్ళు. ఇలాగే, దీని మీద ఇది. కింద కాల్తుంది కదా, ఒక పాదమే ఆనించేవాడు. రొట్టె ముక్క పిచ్చికకి విసిరేవాడు. వద్దు అన్నా, గది ముందు మురికవుతుంది అని నేను రోజూ తిట్టేవాణ్ణి."

మా అత్తగారు గరిటె పట్టుకుని వచ్చింది. "అక్కడ కూడా మెట్టు మీదేనా? అంత దూరం పోయి కుర్చీ సంపాదించుకోలేకపోయాడా సచ్చినోడు!" అని, గరిటెనే నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తాతారావు విస్తరి ముందు నుంచి లేచి, ఎంగిలిచెయ్యి గాల్లో పెట్టుకుని వచ్చాడు. "ఏంటేంటి, మళ్ళీ చెప్పండి" అన్నాడు. కృపారావు గారు మళ్ళీ చెప్పాడు. ఆయన ఇంకోసారి చెప్పించుకున్నాడు. ఏడుపు వినబడుతున్న వంటింటి వైపు ఓసారి, పటం వైపు ఓసారి చూశాడు.

"ఒళ్ళంతా సరిపోయిందాండి మరి?"

"సరిపోయిందండి. భుజమే కొంచెం తేడా."

"అది నాకూ తెలుసండి" అన్నాడు తాతారావు. "రేపొచ్చి ఆ భుజం దించుతాను. చెల్లెమ్మగారూ, ముందు ఈయనకి విస్తరి వెయ్యండి. నా పప్పులోకి నెయ్యి చుక్క కూడా రాలేదు, అదీ చూడండి."